తుఫాన్ల చదువుకు ఉద్యోగం దొరుకుతుందా?

ప్రశ్న: సముద్రాలు వేడెక్కితే తుఫాన్లు ఎందుకు ముదురుతున్నాయో చదువుతానని మా అమ్మాయి పట్టుబట్టింది. ఆ పని ఇప్పుడు ఏఐ చేసేస్తోంది కదా, నేరుగా ఏఐ కోర్సులో చేర్చడం మేలా? రెండిటినీ పోల్చి చెప్పండి. – ఒక తండ్రి

జవాబు: చదువుల పేర్లు మారుతుంటాయి కానీ ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. చదివాక పిల్ల ఖాళీగా కూర్చుంటుందేమోనని మీ బెంగ. కూర్చోదు. లెక్కలు, ఫిజిక్స్, కోడింగ్ మూడూ గట్టిగా వచ్చినవాళ్లు వాతావరణ సంస్థలకే కాదు, బీమా, నౌకాయాన, విద్యుత్ రంగాలకూ కావాలి.

ఇక ఏఐ సంగతి. 2023లో వచ్చిన గ్రాఫ్‌కాస్ట్ అనే గూగుల్ వాళ్ల ఏఐ వాతావరణ మోడల్ తుఫాను దారిని చక్కగా చెప్పింది. అది గొప్ప ముందడుగే. కానీ తుఫాను ఎంత బలపడుతుందో చెప్పడంలో ఆ తరం మోడళ్లు తడబడ్డాయి, తీవ్రతను తక్కువ చేసి చూపాయి. తర్వాతివి మెరుగుపడుతున్నాయి, అయినా నా అనుమానం తీరలేదు. పాత రికార్డులతో నేర్చుకున్న యంత్రానికి, ఆ రికార్డుల్లో లేనంత వేడి సముద్రం ఎదురైతే? 2023 అక్టోబరులో ఓటిస్ తుఫాను ఒక్క రోజులోనే అన్నిటికంటే తీవ్రమైన అయిదో కేటగిరీకి చేరి మెక్సికోలోని అకాపుల్కో మీద పడింది. అంత వేగంగా ముదురుతుందని ఎవరి అంచనాలూ పసిగట్టలేదు.

నీరు దాదాపు 26.5 డిగ్రీలు దాటితే తుఫానుకు మేత దొరికినట్టే. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు, వాన కూడా అందుకే కుండపోతగా పడుతుంది. అయితే పైపొర వేడి ఒక్కటే చాలదు. తుఫాను గాలులు అడుగునున్న చల్లటి నీటిని పైకి తెచ్చి, తమ బలాన్ని తామే తగ్గించుకుంటాయి. వేడి లోతుదాకా ఉంటే ఆ కళ్లెం ఉండదు. 2005లో అమెరికాను దెబ్బతీసిన కత్రినా తుఫాను అలాంటి నీటి మీదుగానే వెళ్లి ముదిరింది. అలాగని వేడి ఉన్నచోటల్లా తుఫాను పుట్టదు. ఎత్తుకు పోయేకొద్దీ గాలి వేగం, దిశ బాగా మారిపోతుంటే చెదిరిపోతుంది. ఇవి తెలియనివాళ్లు, మోడల్ తప్పు అంకె ఇచ్చినా నమ్మేస్తారు.

కటువుగానే చెబుతున్నాను. అమ్మాయి ఏం చదవాలనుకుంటోందో రాశారు, ఎందుకో ఒక్క ముక్క రాయలేదు. అడిగారా అసలు? మీ భయాన్ని ఆమె భవిష్యత్తు అని పిలవకండి.

పోలిక అడిగారు కాబట్టి: డిగ్రీలో ఫిజిక్స్ లేదా లెక్కలు, పక్కన ప్రోగ్రామింగ్, పీజీలో వాతావరణ లేదా సముద్ర శాస్త్రం. ఏఐని దారిలో నేర్చుకోవచ్చు. వేడి, శక్తి ఎలా పనిచేస్తాయో చెప్పే థర్మోడైనమిక్స్‌ను వాయిదా వేస్తే మళ్లీ పట్టుకోవడం చాలా కష్టం. ఏ కోర్సుకైనా ఫీజు కట్టేముందు, సిలబస్‌లో ఫ్లూయిడ్ డైనమిక్స్ (గాలి, నీరు ఎలా కదులుతాయో చెప్పే శాస్త్రం) ఉందో లేదో అమ్మాయినే చూడమనండి.