యూరో 2020 (యూరప్ దేశాల ఫుట్‌బాల్ టోర్నీ)లో అంత ఆడిన ఇటలీ ఆటగాడు కియేజా ఇంగ్లండ్ క్లబ్బు లివర్‌పూల్‌లో బెంచీకి ఎందుకు పరిమితమయ్యాడు? మోకాలి గాయమే కారణమా?

గాయం పెద్దదే, కాదనను. కానీ గాయం కంటే ఫార్మేషనే (మైదానంలో ఆటగాళ్ల అమరికే) అతన్ని ఎక్కువ దెబ్బతీసిందని నా లెక్క.

ఫెడెరికో కియేజా కుడికాలి ఆటగాడు. మైదానం ఎడమ అంచు గీత దగ్గర బంతి అందుకుని, ముందు ఖాళీ దొరికితే లోపలికి దూసుకొచ్చి రెండో పోస్టు వైపు వంపు తిప్పి కొడతాడు. యూరో సెమీస్‌లో స్పెయిన్ మీద 60వ నిమిషంలో కొట్టిన గోల్ అచ్చంగా అదే. ప్రీక్వార్టర్స్‌లో ఆస్ట్రియా మీద కొట్టింది వేరే రకం: సహచరుడు స్పినాజోలా అంచు నుంచి పంపిన బంతిని (క్రాస్) తలతో దింపుకుని ఎడమకాలితో ముగించాడు. తండ్రి ఎన్రికో 1996 యూరోలో గోల్ కొట్టాడు కాబట్టి, ఆ టోర్నీలో ఇద్దరూ గోల్స్ చేసిన తొలి తండ్రీకొడుకులు వీళ్లే.

2020 అక్టోబరులో ఫియోరెంటినా నుంచి యువెంటస్‌కు లోన్ (తాత్కాలిక బదిలీ) మీద వచ్చాడు, తర్వాత కొనితీరాలన్న షరతుతో. పిర్లో కోచ్‌గా ఉన్న ఆ సీజన్లో అతనికి వింగ్ (మైదానం అంచున దాడి చేసే స్థానం) దక్కింది. ఛాంపియన్స్ లీగ్‌లో పోర్టో మీద రెండు మ్యాచ్‌ల్లో కలిపి 3 గోల్స్ కొట్టాడు (మొత్తం గోల్స్ సమమైతే ప్రత్యర్థి మైదానంలో ఎక్కువ కొట్టిన జట్టే ముందుకెళ్లే 'ఎవే గోల్స్' నిబంధనతో జట్టు మాత్రం ఇంటికెళ్లింది). ఇటలీ దేశవాళీ కప్పు కొప్పా ఇటాలియా ఫైనల్లో అట్లాంటా మీద గెలుపు గోల్ కూడా అతనిదే.

2022 జనవరి 9న రోమాతో మ్యాచ్‌లో ఎడమ మోకాలిని పట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంట్ తెగింది. మళ్లీ మైదానంలోకి వచ్చింది నవంబరు 2న, పీఎస్‌జీ మీద. అసలు చిక్కు అక్కడ మొదలైంది. అప్పటి కోచ్ అలెగ్రీ వాడిన 3-5-2లో (ముగ్గురు డిఫెండర్లు, మధ్యలో ఐదుగురు, ముందు ఇద్దరు) అంచు గీత వెంట పరుగులన్నీ మధ్య ఐదుగురిలో రెండు చివర్లా ఉండే వింగ్‌బ్యాక్‌లవి. కియేజాను స్ట్రైకర్ వ్లాహోవిచ్ పక్కన రెండో స్ట్రైకర్‌గా పెట్టారు. గోల్‌కి వీపు పెట్టి, వెనక డిఫెండర్ అంటుకుని ఉండగా బంతి పట్టడం అతని పని కాదు. అయినా 2023-24లో లీగ్‌లో 9 గోల్స్ చేశాడంటే మోకాలు పూర్తిగా పోలేదనే కదా!

2024 వేసవిలో కొత్త కోచ్ మోత్తా అతన్ని జట్టు లెక్కలోంచి తీసేశాడు. ఒప్పందం ఇక ఏడాదే మిగలడంతో లివర్‌పూల్‌కు సుమారు కోటి పౌండ్లకే దొరికాడు, అదనపు షరతులకు మరో 25 లక్షలు. సీజన్‌కు ముందు సరైన సన్నాహం (ప్రీసీజన్) లేకుండా వచ్చాడు. వింగ్‌ల్లో అతనికి పోటీగా కుడివైపు సలా, ఎడమవైపు గాక్పో, డియాజ్ ఉన్నారు. ఆ లీగ్ సీజన్లో 6 మ్యాచ్‌లే ఆడాడు, టైటిల్ మాత్రం గెలిచాడు.

అతని ఫామ్ అంచనా వేయాలంటే గోల్స్ లెక్క పక్కన పెట్టి, బంతి ఎక్కడ అందుకుంటున్నాడో చూడండి. 2025 లీగ్ కప్ ఫైనల్లో న్యూకాజిల్ మీద గోల్ డిఫెన్స్ వెనక ఖాళీలోకి పరుగెత్తి కొట్టాడు. అదే ఏడాది ఆగస్టు 15న బోర్న్‌మత్ మీద బెంచీ నుంచి వచ్చి, 2-2 వద్ద 88వ నిమిషంలో బాక్సులోకి పడిన బంతిని గాల్లోనే తన్నాడు. రెండుసార్లూ అతని ముఖం గోల్ వైపే ఉంది.