పాపకు బరువు తగ్గించే ఆపరేషన్ల నర్సింగ్ మీద మనసు పడింది, ఏ కోర్సులో చేర్చాలి?

ప్రశ్న: మాది చిత్తూరు. మా పాప తిరుపతిలో బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. పోస్టింగ్‌లో బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్న పేషెంట్‌ను చూసి, చేస్తే ఆ నర్సింగే చేస్తానని కూర్చుంది. 'బేరియాట్రిక్ నర్స్' అని ఆరు నెలల ఆన్‌లైన్ సర్టిఫికెట్ కోర్సు ఉందట, 80 వేలు అడుగుతున్నారు. కట్టమంటారా? ఇప్పుడు బరువు తగ్గే ఇంజెక్షన్లు వచ్చేశాయి, ఈ ఆపరేషన్లు ఇంకెన్నాళ్లు ఉంటాయి అని మా తమ్ముడు అంటున్నాడు. అంత బరువున్న మనుషుల్ని ఎత్తి తిప్పడం ఆడపిల్ల వల్ల అవుతుందా అని నా భయం. అసలు తిండి తగ్గించుకుంటే పోయేదానికి ఇంత ఆపరేషన్ ఎందుకో కూడా నాకు అర్థం కాలేదు.

జవాబు: అమ్మా, ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. ఆ కోర్సుకు కట్టకండి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ క్రిటికల్ కేర్, ఆపరేషన్ థియేటర్, ఎమర్జెన్సీ, ఆంకాలజీ లాంటి వాటిలో ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమాలు పెట్టింది కానీ బేరియాట్రిక్ పేరుతో పెట్టలేదు. ఆరు నెలలు వీడియోలు చూపించి ఎవరో చేతికిచ్చే కాగితాన్ని ఇంటర్వ్యూలో నర్సింగ్ సూపరింటెండెంట్ పక్కన పెట్టేసి 'ఐసీయూలో ఎన్నాళ్లు చేశావమ్మా' అనే అడుగుతుంది. అమెరికాలో సీబీఎన్ అని ఒక సర్టిఫికేషన్ నిజంగానే ఉంది, అక్కడి బేరియాట్రిక్ సర్జన్ల సొసైటీ ఇస్తుంది, కానీ అది రాయాలంటే రిజిస్టర్డ్ నర్స్ లైసెన్సు ఉండాలి, ఇలాంటి పేషెంట్ల దగ్గర రెండేళ్లు పనిచేసి ఉండాలి. అక్కడ కూడా ముందు పని, తర్వాతే సర్టిఫికెట్. మీకు అమ్మజూపుతున్నవాళ్లు వరస తిరగేశారు, అంతే.

ఇక మీరు చివర్లో అన్న మాట. తిండి తగ్గించుకుంటే పోతుంది కదా అని. ఏమనుకోకండి, నేను దీన్నే గట్టిగా పట్టుకుంటాను, ఎందుకంటే పాప ఈ పనికి వెళ్తే మొదట వదిలించుకోవాల్సింది ఈ మాటనే. ఆ వార్డుకు వచ్చే మనిషి చిన్నప్పట్నుంచీ ఇదే విని విని వచ్చి ఉంటాడు, పెళ్లిచూపుల్లో విని ఉంటాడు, షేర్ ఆటోలో పక్కవాళ్ల చూపుల్లో విని ఉంటాడు, పదిసార్లు డైటింగ్ చేసి తగ్గి మళ్లీ పెరిగి ఉంటాడు. బరువు బాగా పెరిగాక శరీరం ఆ బరువునే కాపాడుకోవాలని చూస్తుంది, తిండి తగ్గిస్తే ఆకలి పెంచుతుంది, శక్తి ఖర్చు తగ్గించుకుంటుంది. ఈ ఆపరేషన్లలో ఒక రకమైన స్లీవ్‌లో జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం దాకా తీసేస్తారు, దాంతోపాటు ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ ఎక్కువగా తయారయ్యే భాగం కూడా పోతుంది, అందుకే ఆ తర్వాత చాలామందికి ముందున్న ఆకలి ఉండదు. ఇంకో రకం గ్యాస్ట్రిక్ బైపాస్, గుండెకు చేసేది కాదు, అందులో పేగుల దారే మారుస్తారు, కొందరికి ఆపరేషనైన కొద్ది రోజుల్లోనే, బరువు ఇంకా పెద్దగా తగ్గకముందే, షుగరు దిగిపోతుంది. ఇది సోకు కోసం చేసే ఆపరేషన్ కాదు. బీమా కంపెనీలు కూడా దీన్ని ఊరికే తోసిపుచ్చడానికి లేకుండా బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో నియమం తెచ్చింది: 18 ఏళ్లు దాటి, బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంత ఉందో చెప్పే లెక్క) 40 గానీ అంతకు మించి గానీ ఉన్నా, లేదా 35 గానీ అంతకు మించి గానీ ఉండి గుండెజబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో శ్వాస ఆగి ఆగి వచ్చే జబ్బు), అదుపులోకి రాని షుగరు లాంటివి ఉన్నా, డాక్టర్ సలహా మీద చేసే ఆపరేషన్‌ను ఊబకాయం పేరు చెప్పి మినహాయించకూడదు. 160 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషికి బీఎంఐ 40 అంటే 102 కేజీల పైమాట, లెక్క అర్థమవుతుందని చెప్తున్నా.

సరే, పనిలో ఏముంటుందో చెప్తాను, పాప పోస్టింగ్‌లో చూసింది ఒక పేషెంట్‌నే కాబట్టి.

ఆపరేషన్ చేసేది సర్జన్, కానీ ఆ రాత్రి కాపు కాసేది నర్స్. లాప్రోస్కోపీ కాబట్టి పైకి చూస్తే నాలుగైదు చిన్న కుట్లు, పేషెంట్ మాట్లాడుతుంటాడు, జ్వరం లేదు, పొట్ట కూడా మెత్తగానే ఉంటుంది. 'ఏదో ఇబ్బందిగా ఉంది సిస్టర్' అంటాడు. పల్స్ చూస్తే 124. అరగంట ఆగి చూసినా అంతే. మామూలు వార్డులో అయితే నొప్పికో టెన్షన్‌కో అనుకుని వదిలేసే అంకె అది. ఇక్కడ వదలకూడదు. కుట్టిన చోట లీక్ మొదలైతే లావు మనిషిలో పొట్ట బిగుసుకోవడం, జ్వరం ఆలస్యంగా బయటపడతాయి, అన్నిటికన్నా ముందు చెప్పేది పల్సే. 120 దాటి అక్కడే నిలబడిందంటే డ్యూటీ డాక్టర్‌ను నిద్ర లేపాలి, ఆయన విసుక్కున్నా సరే. బ్లీడింగ్ అయినా, కాళ్లలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు వెళ్లినా కూడా పల్స్ పరుగెడుతుంది, కాబట్టి ఏ రకంగా చూసినా ఫోన్ చేయాల్సిందే. నన్నడిగితే ఈ ఉద్యోగంలో సగం ఇదే, అర్ధరాత్రి రెండు గంటలకు ఒక అంకెను నమ్మి డాక్టర్‌కు ఫోన్ చేసే ధైర్యం.

చిన్నచిన్నవి ఇంకా చాలా ఉంటాయి. లావు చేతికి మామూలు బీపీ కఫ్ చుడితే లేని బీపీ కనిపిస్తుంది, పెద్ద కఫ్ వెతికి తెచ్చుకోవాలి. తలవైపు ఎత్తిపెట్టి పడుకోబెట్టాలి, ఇంట్లో నిద్రలో శ్వాస ఆగకుండా గాలి పంపే సీపాప్ మెషిన్ వాడేవాళ్లయితే దాన్ని ఆసుపత్రికి తెచ్చారో లేదో ముందురోజే అడగాలి, ఎందుకంటే స్లీప్ ఆప్నియా ఉన్నవాళ్లకు మత్తు కలిపిన నొప్పి మందు పడితే నిద్రలో శ్వాస మందగిస్తుంది. అదేరోజు సాయంత్రానికల్లా లేపి నడిపించాలి, కుటుంబం మొత్తం 'పాపం రెస్ట్ తీసుకోనీండి' అని అడ్డం పడుతుంది, వాళ్లకు నచ్చజెప్పాలి. ఎవరికైనా వాంతులవుతుంటే ముక్కులోంచి జీర్ణాశయంలోకి రైల్స్ ట్యూబ్ వేయడం మనకు అలవాటే, కానీ ఈ పేషెంట్లకు సర్జన్‌ను అడక్కుండా గుడ్డిగా వేయకూడదు, కొత్త కుట్ల మీదికి పోతుంది. షుగరు పేషెంట్‌కు ఆపరేషన్‌కు ముందున్న ఇన్సులిన్ డోసే చార్టులో కొనసాగుతోందా అన్నది కూడా కనిపెట్టాలి, తిండి లేదు, షుగరు దిగుతోంది, డోసు పాతదే అయితే లో షుగరులోకి వెళ్లిపోతారు.

ఇప్పుడు తిండి దగ్గరికి వద్దాం, మన ఊరి పిల్లకు చెన్నై పిల్లకన్నా ఎక్కువ తెలిసేది ఇక్కడే. మొదటి రోజుల్లో 30 మిల్లీలీటర్ల చిన్న కప్పుతో పావుగంటకోసారి చప్పరించడమే, స్ట్రా వద్దు, గటగటా తాగడం వద్దు. తర్వాత పలుచనివి, చిక్కటివి, మెత్తగా రుబ్బినవి, మెత్తటివి, అలా ఒక్కో మెట్టు ఎక్కుతూ మామూలు తిండికి రావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, ఒక్కో ఆసుపత్రి చార్టు ఒక్కోలా ఉంటుంది. చార్టులో 'బాగా నమిలి తినాలి' అని రాసి ఉంటుంది. మన చిత్తూరు మనిషి తలూపుతాడు, ఇంటికెళ్తాడు, రాగి సంగటి పెడతారు. సంగటి ముద్దను ఎవరు నములుతారమ్మా? పులుసులో ముంచి మింగడమే కదా తాతల కాలంనుంచి. అరటిపండంత సన్నమైన గొట్టంలా మిగిలిన జీర్ణాశయంలోకి ఆ ముద్ద దిగితే గుండెల మీద బండ పెట్టినట్టు నొప్పి, వాంతి. డిశ్చార్జి రోజు 'సంగటి తింటారా, ఎలా తింటారు' అని అడగాలని పుస్తకంలో ఉండదు, పాపకు మాత్రం తెలుసు.

ఇంకా ఉన్నాయి. బంధువులు కొండకెళ్లి నేరుగా వార్డుకు లడ్డూ తెస్తారు, ప్రసాదం కాదనకూడదని నోట్లో పెడతారు. బైపాస్ అయినవాళ్లకు తీపి ఒక్కసారిగా పేగులోకి దిగితే చెమటలు, గుండెదడ, కళ్లు తిరగడం, విరేచనాలు, దీన్నే డంపింగ్ అంటారు. కసురుకుంటే పని జరగదు, కళ్లకద్దుకుని ఇంట్లోవాళ్లకు పంచండి, మీ వంతు తర్వాత డాక్టర్ చెప్పినప్పుడు అని నవ్వుతూ చెప్పగలగాలి. తమిళ నెల పెరటాసి శనివారాల్లో ఒక్కపొద్దు ఉంటామంటారు, రోజుకు 60 గ్రాములకు తగ్గకుండా ప్రోటీన్ తినాల్సిన మనిషి, నీళ్లు కొంచెం కొంచెంగా రోజంతా తాగాల్సిన మనిషి ఉపవాసం ఉంటే నీరసించి మళ్లీ సెలైన్ బాటిల్‌కు వస్తారు. బరువు తగ్గితే అలిపిరి నుంచి మెట్లెక్కుతానని మొక్కుకున్నవాళ్లు ఎప్పుడు ఎక్కొచ్చని అడుగుతారు. సర్జన్‌ను అడగడానికి మొహమాటపడేవన్నీ నర్స్‌నే అడుగుతారు.

డిశ్చార్జి తర్వాత కథ ఇంకా పెద్దది. విటమిన్లు జీవితాంతం వేసుకోవాలి, ఆరు నెలలయ్యాక బాగున్నాం కదా అని మానేస్తారు, బీ12, ఐరన్, క్యాల్షియం పడిపోతాయి. మోకాలి నొప్పికి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ కొనుక్కుంటారు, బైపాస్ అయినవాళ్లకు అది అల్సర్ తెస్తుంది. వారాల తరబడి వాంతులయ్యే పేషెంట్ ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ ఎక్కించుకుంటాడు, బీ1 విటమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకు దెబ్బ తగిలే ప్రమాదం ఉంది. కొత్తగా పెళ్లైన అమ్మాయి అయితే ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా గర్భం రాకుండా చూసుకోవాలి, బరువు తగ్గుతుంటే గర్భం వచ్చే అవకాశం పెరుగుతుంది కాబట్టి ఈ మాట అత్తగారి ముందు కాకుండా విడిగా చెప్పాలి. ఇలా ఫోన్లు చేసి కనుక్కుంటూ, తేదీలు గుర్తుచేస్తూ, డైటీషియన్‌కూ సర్జన్‌కూ మధ్య తిరిగే ఉద్యోగాన్ని పెద్ద సెంటర్లలో బేరియాట్రిక్ కోఆర్డినేటర్ అంటారు. పాప అసలు చేరాల్సిన గమ్యం అదే అని నా అభిప్రాయం, నైట్ డ్యూటీలు తగ్గుతాయి, తెలుగు, తమిళం రెండూ వచ్చిన చిత్తూరు పిల్లకు చెన్నైలో, వేలూరులో అది చిన్న విషయం కాదు.

ఎత్తడం గురించి మీ భయం నిజమే, కానీ ఒక్కతే ఎత్తాల్సి వస్తే అది పాప బలహీనత కాదు, ఆ ఆసుపత్రి తప్పు. పేషెంట్‌ను జరిపే స్లైడ్ షీట్లు, ఎత్తే యంత్రం హోయిస్ట్, వెడల్పు వీల్‌చైర్, ఎక్కువ బరువు ఆగే మంచం, నలుగురు మనుషులు, ఇవన్నీ ఉంటేనే ఆ పేషెంట్‌ను చేర్చుకోవాలి. మంచం ఎంత బరువు ఆపుతుందో దాని మీదే రాసి ఉంటుంది, చదివే అలవాటు చేసుకోమనండి. నడుము పోగొట్టుకున్న నర్సులు మామూలు వార్డుల్లోనూ కనిపిస్తారు, ఎందుకంటే అక్కడ ఎవరూ ముందే ఆలోచించరు.

మీ తమ్ముడి మాటకొస్తే, ఆ ఇంజెక్షన్లలో మౌంజారో మన దేశంలోకి 2025 మార్చిలో వచ్చింది, వెగోవీ జూన్‌లో వచ్చింది, వాటితో బరువు బాగానే తగ్గుతున్నారు, అబద్ధం కాదు. కొందరు ఆపరేషన్ మానుకుంటారు కూడా. కానీ ఇంజెక్షన్ ఆపేస్తే తగ్గిన బరువులో ఎక్కువ భాగం తిరిగొస్తుంది, ఏళ్ల తరబడి కొనుక్కోవడం అందరి వల్లా కాదు, మరీ ఎక్కువ బరువున్నవాళ్లకు ఆపరేషన్ అవసరం పోలేదు. పైగా ఈ మందులు జీర్ణాశయం ఖాళీ అవడాన్ని నెమ్మది చేస్తాయి కాబట్టి ఏ ఆపరేషన్‌కు వచ్చిన పేషెంట్‌నైనా చివరి డోసు ఎప్పుడు వేసుకున్నారని నర్స్ అడగాల్సిన రోజులొచ్చాయి. అంటే ఊబకాయం తెలిసిన నర్స్‌కు పని పెరుగుతోందే తప్ప తగ్గట్లేదు. అయినా పాప దీన్నొక్కదాన్నే నమ్ముకోకుండా సర్జికల్, ఐసీయూ అనుభవం వెనక పెట్టుకుంటే ఏ గాలి ఎటు వీచినా ఇబ్బంది లేదు.

కాబట్టి దారి ఇది. నాలుగో సంవత్సరం బాగా చదివి పాసవ్వాలి, ఆంధ్రప్రదేశ్ నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ వెంటనే చేయించుకోవాలి, దాన్ని నెలల తరబడి నానబెట్టేవాళ్లు చాలామంది. తిరుపతిలోనే ఉంది కాబట్టి ఇప్పట్నుంచే స్విమ్స్, రుయా ఆసుపత్రుల లాంటి చోట్ల సర్జరీ వార్డు, ఐసీయూ పోస్టింగులు వచ్చినప్పుడు సెలవులు పెట్టకుండా చూసుకోమనండి. మొదటి రెండేళ్లు సర్జికల్ ఐసీయూలో గానీ పొట్ట ఆపరేషన్లు ఎక్కువ జరిగే వార్డులో గానీ పనిచేయాలి, ఆ తర్వాత బేరియాట్రిక్ టీమ్ ఉన్న చోటికి మారాలి. అవి ఎక్కువగా చెన్నై, బెంగళూరు, హైదరాబాద్‌లో ఉన్నాయి. మీ ఊరినుంచి వేలూరు బస్సులో గంట ప్రయాణం, ఇల్లు వదలడం మీకు మరీ కష్టంగా ఉంటే మొదటి ఉద్యోగం అక్కడ వెతకొచ్చు. ఈలోగా ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ ఉద్యోగాలకు పెట్టే నార్‌సెట్ పరీక్ష కూడా రాయనివ్వండి, వస్తే 44,900 మూలవేతనంతో కేంద్ర ఉద్యోగం, అక్కడినుంచి కూడా ఈ వైపు రావొచ్చు. ప్రైవేటులో మొదటి జీతం చూసి మీరు నిరాశపడతారు, అది ఈ విభాగానికే కాదు, నర్సింగ్ మొత్తానికీ ఉన్న జబ్బు.

ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు పాప కూడా వాళ్లను నాలుగు ప్రశ్నలు అడగాలి. నెలకు ఇలాంటి ఆపరేషన్లు ఎన్ని జరుగుతాయి, రాత్రిపూట ఒక నర్స్‌కు ఎంతమంది పేషెంట్లు, హోయిస్ట్ ఉందా, డైటీషియన్ రోజూ వస్తారా. సమాధానం దాటవేస్తే బోర్డు మీద ఎంత పెద్ద పేరున్నా చేరొద్దు. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకుంటామంటే మాత్రం ఇంకేమీ మాట్లాడకుండా లేచి వచ్చేయమనండి.