కిట్ సరే, పక్క ఫ్లాట్‌లో ఎవరుంటారో తెలుసా?

తుఫానో భూకంపమో వస్తే పనికొచ్చేలా ఇంట్లో అత్యవసర కిట్‌లో ఏమేం ఉంచుకోవాలని అడిగారు. ఇండియా నుంచి ఈ దేశానికి కొత్తగా వచ్చినవాళ్ళందరూ ఇదే అడుగుతారు, జాబితా ఫోన్లో దాచుకుంటారు, అంతే సంగతులు. జాబితా మీ ఊరి అత్యవసర సేవల వెబ్‌సైట్‌లోనే ఉంటుంది, చూసుకోండి. తెలిసి కూడా ఎందుకు చెయ్యరన్నదే అసలు సంగతి.

"ఏడాదిలో ఇల్లు మారిపోతాం కదా" అన్నది మొదటి అడ్డంకి. లీజు ఎప్పటిదాకా ఉందో వరదకు పట్టదు. అన్నీ ఒకే శనివారం కొనేద్దామనుకోవడం రెండోది. ఆ శనివారం ఎప్పటికీ రాదు. ఈ వారం నీళ్ళు, వచ్చేవారం టార్చి, అలా మొదలుపెట్టండి. అన్నిటికన్నా పెద్ద అడ్డంకి ఒంటరితనం. హెచ్చరిక విన్న మనిషి వెంటనే లేవడు. చుట్టూ చూస్తాడు, నలుగురినీ అడుగుతాడు, అప్పుడు కదులుతాడు. మీ నలుగురూ సముద్రానికి అవతల ఉన్నారు. వాట్సాప్‌లో వాళ్ళ జవాబు కోసం చూస్తూ కూర్చుంటే ఖాళీ చెయ్యాల్సిన సమయం దాటిపోతుంది.

1995 జనవరిలో జపాన్‌లోని కోబేలో భూకంపం వచ్చినప్పుడు శిథిలాల్లోంచి బయటపడ్డవాళ్ళలో ఎక్కువమందిని లాగింది ఇంటివాళ్ళూ ఇరుగుపొరుగువాళ్ళే. అదే ఏడాది జులైలో చికాగో వడగాలులకు 700 మందికి పైగా చనిపోయారు. ఒంటరిగా ఉండేవాళ్ళకే ముప్పు ఎక్కువైంది.

అందుకే, కిట్ కన్నా ముందు రెండు తలుపులు తట్టండి. సిగ్గుపడక్కర్లేదు, మంచి సాకు ఉంది: "ఈ బిల్డింగులో గ్యాస్ వాల్వ్, నీళ్ళ మెయిన్ వాల్వ్ ఎక్కడున్నాయండీ?" ఎలాగూ తెలుసుకోవాల్సిందే. గ్యాస్ వాసనొస్తే స్విచ్చులు ముట్టుకోకుండా బయటికొచ్చేయాలనీ, ఒకసారి కట్టేసిన గ్యాస్ వాల్వ్‌ను మనం మళ్ళీ తెరవకూడదనీ, కంపెనీవాళ్ళే తెరవాలనీ గుర్తుంచుకోండి. వచ్చేముందు నంబర్లు ఇచ్చి పుచ్చుకోండి. ఇంట్లో పెద్దవాళ్ళో పసిపిల్లలో ఉంటే ఆ మాటా చెప్పండి. ఒక నంబరు మాత్రం వేరే ఊళ్ళో ఉన్నవాళ్ళది కావాలి, ఎందుకంటే మీ ఊళ్ళో వాళ్ళూ మీలాగే చిక్కుకుని ఉంటారు. ఇవన్నీ కాగితం మీద రాయండి. చార్జింగు అయిపోతే ఫోన్లో ఉన్నా లేనట్టే.

ఇక సామాను. నీళ్ళు మనిషికి రోజుకు 4 లీటర్లు, కనీసం 3 రోజులకు. కొందరు తాగేవే లెక్కేసి, కడుక్కోవడానికి కావలసినవి మర్చిపోతారు. నీళ్ళ మీద అనుమానముంటే ఒక నిమిషం తెర్లించండి. కాచే వీలు లేకపోతే సువాసనలు కలపని 6 శాతం బ్లీచ్ (సోడియం హైపోక్లోరైట్ ద్రవం) లీటరుకు 2 చుక్కలు వేసి అరగంట ఆగాలి. టార్చిలో బ్యాటరీలు వదిలేస్తే కారి టార్చి పాడవుతుంది, విడిగా పెట్టండి. డబ్బా ఆహారం కొన్నవాళ్ళు కరెంటు అక్కర్లేని ఓపెనర్ కొనడం మర్చిపోతారు. కరెంటు పోయాక తలుపు తెరవకపోతే ఫ్రిజ్ 4 గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు చల్లగా ఉంటాయి. జనరేటర్, బొగ్గుల కుంపటి ఇంట్లోగాని గ్యారేజీలోగాని పెట్టకండి. వాటినుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు. పాస్‌పోర్టులు, వీసా కాగితాలు నీళ్ళు చొరని కవర్లో తలుపు దగ్గరే ఉండాలి.

కాల్ కలవకపోయినా చాలాసార్లు ఎస్సెమ్మెస్ వెళ్తుంది. అందులో మూడే రాయండి: ఎక్కడున్నాం, ఎంతమందిమి, ఎటు వెళ్తున్నాం. అది మొదట ఆ వేరే ఊరి నంబరుకు వెళ్ళాలి. ఇండియాకు వాళ్ళే చెప్తారు.