మురుగు కాలువ గట్టు మీద గడ్డి: నాటుదేది, బయటిదేది?

ప్రశ్న: మాది కోనసీమ. చేను పక్కనే మురుగు కాలువ. రెండు గేదెలకూ మేత ఆ గట్టు మీదే కోస్తాం. ఈమధ్య ఒక గడ్డి తీగలా నీళ్లలోకి పాకి కాలువను మూసేస్తోంది. అది నాటుదా, బయటిదా? మందు కొట్టి అంతా చంపేయమంటారా? నాలుగు ఫొటోలు పంపుతున్నాను.
– ఒక రైతు

జవాబు: మందు మాట మానేయండి. ఆ నీళ్లే గేదెలు తాగుతాయి, దిగువన చేపల చెరువులూ ఉంటాయి.

మొదటి ఫొటోలోదే మీ టెన్షన్‌కు కారణం. అది పారా గడ్డి. కణుపు దగ్గర వేలితో తడిమి చూడండి, తెల్లటి నూగు ఒత్తుగా తగులుతుంది. కాడ లోపల బోలు, అందుకే నీటి మీద తేలుతుంది. బ్రెజిల్‌లోని పారా అనే చోటి పేరు పెట్టుకుంది గానీ, పుట్టిల్లు ఆఫ్రికా. పశువుల మేత కోసం మన దేశానికి తెచ్చారు. ప్రతి కణుపూ వేరు తొడుగుతుంది కాబట్టి మీరు నాటక్కర్లేదు, ఎగువ నుంచి ఒక ముక్క కొట్టుకొస్తే చాలు.

రెండోది రెల్లు. సన్నటి ఆకు, మధ్యలో తెల్ల ఈనె, వానలు తగ్గాక వెండి కుచ్చుల్లాంటి పూలు. అచ్చంగా మనదే. దీన్ని పనికిరానిదని పీకేస్తుంటారు, నాకు అదే బాధ. గోదావరి లంకల్లో ఇసుక కొట్టుకుపోకుండా పట్టి ఉంచేది దీని వేళ్లే. 1918లో కోయంబత్తూరు నుంచి వచ్చిన కో 205 చెరకు రకానికి తండ్రి ఈ రెల్లే! గట్టు మీద ఉండనివ్వండి.

మూడోది రెల్లులా కనిపించినా కిక్కస. కొల్లేరు వైపు వెళ్లినవాళ్లకు బాగా తెలుసు. ఆకు వెడల్పు, కాడ వెదురులా కణుపులతో బోలుగా ఉంటుంది, కంకి గోధుమ రంగు. ఇదీ మనదే. నాలుగోది గడ్డే కాదు, తుంగ. కాడను రెండు వేళ్ల మధ్య తిప్పితే మూడు అంచులు తెలుస్తాయి.

ఇక పారాను ఏం చేయాలి? బయటి నుంచి వచ్చిందని పగబట్టక్కర్లేదు, గేదెలకు మంచి మేతే. గట్టు మీదున్నదాన్ని 30–40 రోజులకోసారి లేతగా కోసి, ముక్కలు చేసి ఎండు వరిగడ్డితో కలిపి వేయండి. నీళ్లలోకి దిగిన తీగల్ని మాత్రం వేసవిలో కాలువలకు నీళ్లు ఆపేసి నీరు తగ్గినప్పుడు వేళ్లతో సహా లాగి, గట్టున ఎండబెట్టండి. తెగిన ముక్కను నీళ్లలో వదిలితే దిగువ రైతుకు మీరు నారు పోసినట్టే.

మీరు అడగలేదు గానీ ఒకటి చెప్పాలి. నీటి అంచున, నీళ్లలో మునిగిన ఆకుల మీద కార్జపు జలగ (పశువు కార్జంలో, అంటే కాలేయంలో చేరే పురుగు) పిల్లలు అంటుకుని ఉంటాయి. నత్తల నుంచి వస్తాయవి. అందుకని నీటిమట్టానికి బాగా పైనే కోయండి, కోసింది ఎండబెట్టి వేస్తే ముప్పు ఇంకా తగ్గుతుంది. గేదె చిక్కిపోతున్నా, పాలు తగ్గినా, దవడ కింద నీరు దిగినా పేడ పరీక్ష చేయించి, డాక్టరు చెప్పిన మందే తాగించండి. చూడి గేదె అయితే ఆ సంగతి ముందే చెప్పండి.