యూనివర్సిటీ స్ట్రాటజిక్ ప్లాన్‌లో కొత్త కోర్సు పేరుంటే వచ్చే ఏడాదే అడ్మిషన్లు ఉంటాయా?

ఉంటాయన్న గ్యారంటీ లేదు. ఆ ప్లాన్ రాబోయే ఐదు, పదేళ్లలో వర్సిటీ ఎటు పోవాలో రాసుకున్నదే తప్ప మంజూరు ఉత్తర్వు కాదు. కోర్సుకు పాలకమండలి ఒప్పుకోవాలి, రెగ్యులర్ పోస్టులకు రాష్ట్ర ఆర్థిక శాఖ అనుమతివ్వాలి, డబ్బు ఏటా బడ్జెట్‌లో రావాలి. ఎక్కువగా ఆగేది పోస్టుల దగ్గరే.

నల్లగొండ మహాత్మాగాంధీ వర్సిటీ ఫ్లోరైడ్ నీళ్లను పరీక్షించే ల్యాబు పెడతామని ప్లాన్‌లో రాసుకుందనుకోండి. గది కట్టి, మీటర్లు కొన్నా, పరీక్ష చేసే మనిషి లేకపోతే దానికి తాళమే.

వీసీ మారితే ప్లాన్ పోతుందని చాలామంది అనుకుంటారు. తెలంగాణ రాష్ట్ర వర్సిటీల్లో వీసీ పదవీకాలం మూడేళ్లే, ప్లాన్ మాత్రం వర్సిటీది. పాలకమండలి ఆమోదించిన ప్లాన్‌ను మార్చాలంటే మళ్లీ మండలి ముందుకే పోవాలి. కాలేజీలు, వర్సిటీల నాణ్యతను అంచనా వేసే జాతీయ సంస్థ న్యాక్ కూడా అందులో ఎంత అమలైందో చూస్తుంది.