ఈఎస్‌ఎల్‌లో వేశారని బెంగపడకండి

ప్రశ్న: హెచ్-4 (ఉద్యోగి కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఆగస్టులో న్యూజెర్సీ వచ్చాం. మా అమ్మాయి కరీంనగర్‌లో ఇంగ్లిష్ మీడియంలోనే తొమ్మిదో తరగతి పూర్తిచేసింది. అయినా ఇక్కడి హైస్కూల్లో పరీక్ష పెట్టి ఈఎస్‌ఎల్‌లో (ఇంగ్లిషును రెండో భాషగా నేర్పే క్లాసు) వేశారు. 'ఇంట్లో ఇంగ్లిషే అని రాసుంటే సరిపోయేది' అంటున్నారు తెలిసినవాళ్లు. పాపకు ఏడాది పోతుందా? వద్దని రాసిచ్చేయమంటారా?

జవాబు: మీరు తెలుగు అని రాయడమే సరైన పనండీ. పరీక్ష పెట్టాలా వద్దా అన్నది తేల్చడానికే హోమ్ లాంగ్వేజ్ సర్వే, అంటే ఇంట్లో ఏ భాష అని అడిగే ఫారం. ఈఎస్‌ఎల్‌లో వేసేది ఆ పరీక్షను బట్టే. ఇంగ్లిష్ అని రాస్తే, సాయం కావలసిన పిల్లకి అది అందకుండా మనమే అడ్డుపడినట్టు.

ముందు స్కోర్ రిపోర్టు అడిగి తెచ్చుకోండి. న్యూజెర్సీలో పెట్టేది విడా (WIDA) అనే ఇంగ్లిషు పరీక్ష. అందులో చదవడానికి 35 శాతం, రాయడానికి 35, వినడానికి 15, మాట్లాడడానికి 15 శాతం బరువు. కాబట్టి రాతలో తగ్గితే మొత్తం స్కోరు గట్టిగానే పడుతుంది. మన పిల్లలు చాలామంది తగ్గేది అక్కడే. 'నల్ల కప్పులో మంచు ఎందుకు ముందు కరిగింది?' అని అడిగితే, 'నలుపు వేడిని పీల్చుకుంటుంది' అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. జవాబు తప్పు కాదు, కానీ వాళ్లు చూసేది సైన్సు ఒక్కటే కాదు, ఇంగ్లిషులో వివరించగలగడం. 'తెల్ల కప్పులో 20 నిమిషాలు పట్టింది, నల్లదాంట్లో 12కే కరిగింది, దీన్నిబట్టి...' అంటూ పట్టికలోని అంకెలు చూపించి, కారణంతో ముడిపెట్టాలి. మాట్లాడే భాగంలో హెడ్‌సెట్ పెట్టుకుని మైకులో చెప్పాలి. ఎదురుగా మనిషి లేకపోయేసరికి బిడియపడి రెండు మాటలతో ఆపేస్తారు. రోజూ పావుగంట, సైన్సు పుస్తకంలోని ఒక గ్రాఫు మీద ఐదు వాక్యాలు రాయించండి. అదే విషయాన్ని ఫోనులో ఒక నిమిషం రికార్డు చేయించి, తననే వినమనండి.

ఈఎస్‌ఎల్‌లో ఉన్నంత మాత్రాన గ్రేడు (తరగతి) తగ్గించరు. చూసుకోవలసింది క్రెడిట్లు, అంటే పాసైన సబ్జెక్టులకు ఇచ్చే పాయింట్లు. న్యూజెర్సీలో హైస్కూల్ డిప్లొమాకి కనీసం 120 క్రెడిట్లు కావాలి, అందులో ఇంగ్లిషువే 20. మీ స్కూల్లో ఈఎస్‌ఎల్ పీరియడ్ ఇంగ్లిషు కింద లెక్కకొస్తుందా, ఎలక్టివ్ (ఐచ్ఛిక సబ్జెక్టు) కిందేనా? ఇండియాలో చదివిన తొమ్మిదికి ఎన్ని క్రెడిట్లు ఇచ్చారు? ఈ రెండూ కౌన్సెలర్‌కి ఈమెయిల్‌లో రాసి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఎలక్టివ్ కిందే అంటే, ఈ ఏడాదే మామూలు ఇంగ్లిషు క్లాసు కూడా ఇమ్మని అడగండి. ఇది పన్నెండో గ్రేడులో బయటపడితే సర్దుకోవడం చాలా కష్టం.

ఈఎస్‌ఎల్ వద్దనే హక్కు తల్లిదండ్రులకు ఉంది. అయితే వద్దన్నా, నిర్ణీత స్కోరు వచ్చేదాకా ఏటేటా పరీక్ష మాత్రం తప్పదు. రాతలో వెనకబడి ఉంటే ఈ ఏడాదికి ఉండనివ్వండి.

ప్రశ్న: మా అక్క కొడుకుని మా దగ్గరే ఉంచుకుని ఇక్కడి ప్రభుత్వ హైస్కూల్లో చదివించవచ్చా?

జవాబు: ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద మొత్తంగా 12 నెలలే, అదీ ఒక్కో విద్యార్థి మీద స్కూలుకయ్యే ఖర్చంతా ముందే కట్టాలి. విజిటర్ వీసాతో చేర్పించకండి, బాబు వీసా చిక్కుల్లో పడుతుంది. నాలుగేళ్లూ చదివించాలంటే ఐ-20 (ఎఫ్-1 వీసాకి స్కూలు ఇచ్చే పత్రం) ఇచ్చే అనుమతి ఉన్న ప్రైవేటు స్కూలే దారి. ఈఎస్‌ఎల్‌కి అక్కడ విడిగా ఫీజు ఉందేమో ముందే కనుక్కోండి.