నోటి దగ్గర మొదలుపెట్టు

నెల్లూరు

అమ్మాయికి ఆశీస్సులు.

నీ జెల్లీఫిష్ వ్యాసం రెండుసార్లు చదివాను. మెదడు లేదు, గుండె లేదు, రక్తం లేదు అంటూ పేజీన్నర దాకా లేనివే చెప్పుకొచ్చావు. పెళ్ళిచూపులకెళ్ళొచ్చి పిల్లాడికి ఏమేం లేవో ఏకరువు పెట్టినట్టుందమ్మా. దానికి కడుపుంది కదా, అది చూపించు.

ఒక బుల్లి రొయ్యపిల్ల వెంటబడి వెళ్ళు. టెంటకిల్స్‌లోని, అంటే ఒంటి నుంచి వేలాడే సన్నటి తీగల్లోని, దంశకణాలు కుట్టగానే అది చచ్చుబడుతుంది. గొడుగులాంటి ఒంటి కింద వేలాడే చేతులు దాన్ని నోటికి అందిస్తాయి. లోపల నాలుగు సంచుల కడుపు, అందులో దారప్పోగుల్లాంటివి. కొన ఊపిరి ఉంటే ఆ పోగులే మళ్ళీ కుట్టి పని ముగిస్తాయి. రసాలూరి రొయ్యపిల్ల గుజ్జవుతుంది. ఆ గుజ్జు, సోమశిల నీళ్ళు మన పొలాలకు పారినట్టు, సన్నటి కాలువల్లో గొడుగు అంచుదాకా పారుతుంది. మిగతా అరుగుదల కణాల లోపలే. ఈ కడుపూ కాలువలూ కలిసిన ఖాళీకి 'జఠర ప్రసరణ కుహరం' అనే మాట రాయి, వద్దనను. కానీ పాఠకుడు ఆ కాలువను చూశాక రాయి.

మిగిలిన పిప్పి వచ్చిన దారినే, నోట్లోంచే బయటికొస్తుంది. అక్కడ నువ్వు రాసిన 'ఛీ' కొట్టేశాను.

నా బోల్తా కూడా చెబుతా. మూన్ జెల్లీ అనే రకం జెల్లీఫిష్ గొడుగులో గుర్రపు లాడాల్లా నాలుగు గుర్తులు కనిపిస్తాయి. ఫోటో చూసి అవే నాలుగు కడుపులని రాసి అచ్చేయించాను. అవి బీజకోశాలు, సంతానానికి పనికొచ్చే అవయవాలు! జువాలజీ మాస్టారొకాయన పోస్టుకార్డు రాశాడు. వారం రోజులు బజారులో తలెత్తలేదు.

అందుకే మీ కొత్తపట్నం ఒడ్డుకు ఏదైనా కొట్టుకొస్తే తిరగేసి చూడు. కర్రతోనే సుమా, చచ్చినా కుడతాయి. బరువైన రకాల్లో కొన్నిటికి మధ్యలో నోరే ఉండదు. చేతుల నిండా చిన్న చిన్న నోళ్ళే.

కోంబ్ జెల్లీ అనే మరో సముద్రజీవిని జెల్లీఫిష్‌కి దగ్గరి చుట్టమన్నావు. చూపుకి పోలికే గానీ దాని వంశం వేరు. అందులో ఒక రకానికి మలద్వారం అవసరమైనప్పుడే తెరుచుకుని, పని కాగానే ఆనవాలు లేకుండా పోతుందని 2019లో తేల్చారు. దాన్ని ఇందులో ఇరికించకు, విడిగా రాసుకో.

తిరగరాసి పంపు. కొట్టుకొచ్చింది దొరికితే ముందు ఫోన్ చెయ్యి, ఒంగోలు బస్సెక్కి నేనూ వస్తా.